ఫీనిక్స్‌లో స్ప్రింగ్ ట్రైనింగ్ చూడటం ఎలా: ఉదయం ప్రాక్టీసు, మధ్యాహ్నం ఆట

జనవరి దాటగానే, బేస్‌బాల్ సీజన్‌కు ముందు జట్లు సాధన చేసే స్ప్రింగ్ ట్రైనింగ్ గురించి ఇవే ప్రశ్నలు మొదలవుతాయి. ప్రాక్టీసు చూడటానికి టికెట్ కావాలా? ఏ వారం వెళ్తే పెద్ద ఆటగాళ్లు కనిపిస్తారు? ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను మధ్యాహ్నమంతా ఎండలో కూర్చోబెట్టవచ్చా? వీటన్నిటికీ జవాబులు కింద వరుసగా ఉన్నాయి. ముందే ఒక మాట: చాలామంది ఒంటిగంట ఆటకి టికెట్ కొని, పన్నెండున్నరకి చేరుకుని, సగం స్ప్రింగ్ ట్రైనింగ్ చూడకుండానే తిరిగొస్తారు. అసలు చూడాల్సింది ఉదయం తొమ్మిదికే వెనక మైదానాల్లో మొదలైపోతుంది. క్రికెట్ తెలిసినవాళ్లకు ఒక్క ముక్కలో చెప్పాలంటే, అది జాతీయ జట్టు నెట్స్‌ను కంచె పక్కన నిలబడి చూడటం లాంటిది.

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌ (ఎంఎల్‌బీ)లో 30 జట్లు. వాటిలో 15 అరిజోనాలో (కాక్టస్ లీగ్), 15 ఫ్లోరిడాలో (గ్రేప్‌ఫ్రూట్ లీగ్) సాధన చేస్తాయి. ఫ్లోరిడా జట్లు రాష్ట్రం రెండు తీరాల్లోనూ చెల్లాచెదురుగా ఉంటాయి. అరిజోనా జట్లన్నీ ఫీనిక్స్ మహానగర పరిధిలోనే, 10 స్టేడియాల్లో ఉంటాయి. మొదటిసారి వెళ్లేవాళ్లకు అరిజోనాయే సులువు, అందుకే ఇక్కడ దాని గురించే ఎక్కువ చెబుతున్నాం.

ఏమేం కావాలి

- అంచు వెడల్పున్న టోపీ, ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకంటే ఎక్కువ సన్‌స్క్రీన్, చలువ కళ్లద్దాలు
- పలచటి జాకెట్. ఫిబ్రవరి ఉదయం చలి, మధ్యాహ్నం ఎండ. ఒకే రోజులో రెండూ చూస్తారు
- మూత తీయని నీళ్ల సీసాలు
- స్టేడియం నియమాలకు సరిపోయే బ్యాగు. చాలా చోట్ల పారదర్శకమైన బ్యాగునే లోపలికి రానిస్తారు
- జట్టు రోస్టర్ (ఆటగాళ్ల జాబితా) ప్రింటు, జెర్సీ నంబర్ల వరుసలో
- ఫోన్‌లో ఎంఎల్‌బీ బాల్‌పార్క్ యాప్, పవర్ బ్యాంకు
- లాన్ (మైదానం వెనక పచ్చిక మీద కూర్చునే) టికెట్ అయితే దుప్పటి. కాళ్లున్న కుర్చీలను చాలా స్టేడియాలు లాన్ మీదికి అనుమతించవు
- ఆటోగ్రాఫులు కావాలంటే నీలం బాల్‌పాయింట్ పెన్ను, ఒక షార్పీ (చెరగని మార్కరు), కొత్త బంతి
- కారు. పది స్టేడియాలూ ఊరంతా పరుచుకుని ఉన్నాయి, బస్సుల మీద ఆధారపడితే ఉదయం ప్రాక్టీసు అందదు

1. ముందు వారం ఎంచుకోండి, జట్టు తర్వాత

ఫిబ్రవరి రెండో వారంలో పిచ్చర్లు (బంతి వేసేవాళ్లు), క్యాచర్లు (దాన్ని అందుకునేవాళ్లు) వస్తారు. మరో నాలుగైదు రోజులకు మిగతావాళ్లు చేరతారు. ఆటలు ఫిబ్రవరి 20 ప్రాంతంలో మొదలై మార్చి నాలుగో వారం దాకా సాగుతాయి. ఏ వారం వెళ్తారన్నదాన్ని బట్టి మీరు చూసేది పూర్తిగా మారిపోతుంది.

ఆటలు మొదలుకాకముందు వారం: ప్రాక్టీసు మాత్రమే. జట్టంతా ప్రాంగణంలోనే ఉంటుంది, జనం తక్కువ, చాలా జట్లు ఉచితంగా రానిస్తాయి. ఆటగాళ్లను దగ్గర నుంచి చూడాలంటే ఇంతకు మించిన సమయం లేదు.

ఆటల మొదటి వారం: పేరున్న బ్యాటర్లు రెండుసార్లు బ్యాట్ పట్టి వెళ్లిపోతారు. స్టార్టింగ్ పిచ్చరు (ఆట మొదలుపెట్టేవాడు) ఆటలోని తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఒకటి రెండే వేస్తాడు. ఐదో ఇన్నింగ్స్ తర్వాత మైదానంలో 80, 90 నంబర్ల జెర్సీలే, అంటే మైనర్ లీగ్ (కింది స్థాయి) కుర్రాళ్లే కనిపిస్తారు. "టికెట్ డబ్బు వృథా" అనే ఫిర్యాదు ఎక్కువగా ఈ వారం వెళ్లినవాళ్ల నుంచే వస్తుంది.

మార్చి మధ్య నుంచి: అసలు జట్టు ఆరేడు ఇన్నింగ్స్ ఆడుతుంది, ఆట ఆటలా ఉంటుంది. బదులుగా టికెట్లు ప్రియం, స్ప్రింగ్ బ్రేక్ (బడి, కాలేజీ సెలవులు) రద్దీ. ఆఖరి రెండు మూడు రోజుల్లో కొన్ని జట్లు ఊరు ఖాళీ చేసి వెళ్లిపోతాయి కాబట్టి ఆ తేదీలు పెట్టుకోకండి.

వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ ఉన్న సంవత్సరాల్లో (2023, 2026 అలాంటివి) మార్చి మొదటి సగంలో చాలామంది తారలు తమ దేశాల జట్లతో ఉంటారు. ఒక ఆటగాడి కోసమే వెళ్తుంటే ఇది తప్పక చూసుకోండి.

2. ఏ జట్టు ఎక్కడ

ఫీనిక్స్ ఆగ్నేయ శివార్లలో చాండ్లర్, గిల్బర్ట్ వైపు తెలుగువాళ్లకు దగ్గరివి: టెంపీ డయాబ్లో స్టేడియం (ఏంజెల్స్), మెసాలో స్లోన్ పార్క్ (కబ్స్), మెసాలోనే హోహోకం స్టేడియం (అథ్లెటిక్స్). కాస్త పైకి వెళ్తే స్కాట్స్‌డేల్ స్టేడియం (జెయింట్స్), సాల్ట్ రివర్ ఫీల్డ్స్ (డైమండ్‌బ్యాక్స్, రాకీస్). పడమటి వైపు మేరీవేల్‌లో అమెరికన్ ఫ్యామిలీ ఫీల్డ్స్ (బ్రూవర్స్), గ్లెండేల్‌లో క్యామెల్‌బ్యాక్ రాంచ్ (డాడ్జర్స్, వైట్ సాక్స్), పియోరియా (పాడ్రేస్, మారినర్స్), గుడ్‌ఇయర్ (గార్డియన్స్, రెడ్స్), సర్‌ప్రైజ్ (రాయల్స్, రేంజర్స్). చాండ్లర్ నుంచి సర్‌ప్రైజ్‌కి ట్రాఫిక్ లేకపోయినా గంట పట్టొచ్చు, ఉదయం ఆఫీసుల వేళ ఇంకా ఎక్కువ.

ఇష్టమైన జట్టంటూ లేకపోతే సాల్ట్ రివర్ ఫీల్డ్స్‌తో మొదలుపెట్టమని మా సలహా. సాల్ట్ రివర్ పీమా-మారికోపా తెగ భూమిలో 2011లో తెరిచిన ప్రాంగణం ఇది. రెండు జట్లు ఇక్కడే ఉంటాయి కాబట్టి ఒకరు బయటి ఊరి ఆటకి వెళ్లినా మరొకరు దొరుకుతారు, లూప్ 101 హైవే పక్కనే కాబట్టి దారీ సులువు. క్యామెల్‌బ్యాక్ రాంచ్ ఇంకా అందంగా ఉంటుంది, మధ్యలో చెరువు కూడా ఉంది. కానీ జపాన్ తారలు ఒహ్తానీ, యమమోటో కోసం వచ్చే జనంతో డాడ్జర్స్ వైపు కంచె దగ్గర చోటు దొరకడం కష్టం. అదే ప్రాంగణంలో వైట్ సాక్స్ వైపు హాయిగా తిరగొచ్చు.

సర్‌ప్రైజ్ వెళ్లేవాళ్లు రేంజర్స్ రోస్టర్‌లో కుమార్ రాకర్ పేరు ఉందేమో చూసుకోండి. 2022 డ్రాఫ్టులో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) రేంజర్స్ మూడో ఎంపికగా తీసుకున్న పిచ్చరు, తల్లి వైపు మూలాలు భారతదేశంలో ఉన్నాయి.

జాగ్రత్త: ఆట జరిగే స్టేడియం, ప్రాక్టీసు చేసే మైదానాలు అన్నిచోట్లా పక్కపక్కనే ఉండవు. అథ్లెటిక్స్ ఆటలు హోహోకంలో, సాధన ఫిచ్ పార్కులో. గుడ్‌ఇయర్‌లో రెండు జట్ల శిక్షణ మైదానాలు స్టేడియం నుంచి కొంత దూరంలో ఉంటాయి. జెయింట్స్ మైనర్ లీగ్ ఆటగాళ్లు పాపాగో పార్కు వైపు ఉంటారు. మ్యాప్‌లో స్టేడియం పేరు కొట్టి ఉదయం తొమ్మిదికి వెళ్తే మూసిన గేటు ఎదురవుతుంది.

3. ఆ రోజు జట్టు ఎక్కడుందో చూడండి

జట్టు షెడ్యూల్ పేజీలో ఆ తేదీన మూడు విషయాలు చూడాలి.

మొదటిది, ఆట సొంత స్టేడియంలోనా, బయటా. బయటి ఆటలకు అనుభవమున్న తారలు చాలావరకు వెళ్లరు. ఒక ఆటగాడి కోసం అయితే అతని సొంత ప్రాంగణంలో జరిగే ఆటకే టికెట్ కొనండి.

రెండోది, జట్టు పేరు పక్కన "ఎస్ఎస్" (SS, స్ప్లిట్ స్క్వాడ్) అని ఉందా. ఉంటే ఆ రోజు జట్టును రెండుగా చీల్చి రెండు చోట్ల ఆడిస్తున్నారని అర్థం. మీరు వెళ్లినచోట ఉండేది సగం జట్టే.

మూడోది, ప్రాక్టీసు జనానికి తెరిచి ఉందా. కొన్ని జట్లు ఆటలు మొదలయ్యేదాకా మాత్రమే రానిస్తాయి. కొన్ని ఆటల రోజుల్లోనూ రానిస్తాయి. ఈ సంగతి జట్టు అధికారిక వెబ్‌సైట్లో స్ప్రింగ్ ట్రైనింగ్ పేజీలో ఉంటుంది, ఏటా మారుతుంది. నిరుడు ఎవరో చెప్పింది నమ్మకండి.

స్టార్టింగ్ పిచ్చర్ల పేర్లు ఆటకి ఒకటి రెండు రోజుల ముందే షెడ్యూల్లో కనిపిస్తాయి. వాళ్లు సుమారు ఐదు రోజులకోసారి ఆటలో వేస్తారు, మధ్యలో ఒక రోజు బుల్‌పెన్‌లో (పిచ్చర్లు బంతులు వేసి సాధన చేసే చోటు) సాధన చేస్తారు. మీకు నచ్చిన పిచ్చరు మంగళవారం ఆట ఆడితే, గురువారమో శుక్రవారమో ఉదయం బుల్‌పెన్ దగ్గర పది పన్నెండు అడుగుల దూరం నుంచి చూసే అవకాశం ఉంటుంది.

4. టికెట్ కొనేటప్పుడు ఎండను లెక్కేయండి

లాన్ టికెట్ చవక. పిల్లలకు దొర్లడానికి చోటు, హోమ్ రన్ బంతి దొరికే ఆశ. కానీ నీడ ఉండదు, పైగా ఎండ ముఖాన కొడుతుంది. ఎందుకంటే హోమ్ ప్లేట్ (బ్యాటరు నిలబడే చోటు) నుంచి దానికి ఎదురుగా ఉండే రెండో బేస్ వైపు గీత తూర్పు-ఈశాన్యంగా ఉండటం మంచిదని బేస్‌బాల్ నియమాలే చెబుతాయి. అలా కట్టిన మైదానంలో అవుట్‌ఫీల్డ్ లాన్ మీద కూర్చున్నవాళ్లు నైరుతి వైపు చూస్తూ కూర్చుంటారు. రెండు దాటాక సూర్యుడు ఉండేదీ అటే.

అన్ని స్టేడియాలూ కచ్చితంగా ఇలాగే ఉండవు. కొనేముందు ఒక్క నిమిషం ఇలా చేయండి: మ్యాప్‌లో ఉపగ్రహ చిత్రం తెరిచి, పైభాగం ఉత్తరంగా పెట్టి, హోమ్ ప్లేట్ ఎటుందో చూడండి. మార్చిలో ఒంటిగంటకు సూర్యుడు దాదాపు దక్షిణాన, నాలుగింటికి నైరుతి-పడమరన ఉంటాడు. ఆ దిక్కులకు వీపు పెట్టి కూర్చునే సీట్లు, వాటిలోనూ పైకప్పు కింద ఉన్న వెనక వరుసలు తీసుకోండి. సాధారణంగా హోమ్ ప్లేట్ వెనక పై వరుసలకే ముందు నీడ వస్తుంది. డగౌట్ (ఆటగాళ్లు కూర్చునే చోటు) వెనక మొదటి వరుసలు ఫొటోలకు బాగుంటాయి, అరవై దాటినవాళ్లకు మాత్రం వద్దు.

ప్రత్యామ్నాయం: సాయంత్రం ఆటలు. ప్రతి స్టేడియంలోనూ కొన్ని ఉంటాయి. ఎండ బాధ తప్పుతుంది, ఏడున్నర దాటాక మాత్రం జాకెట్ కావాలి.

ధర పోల్చేటప్పుడు ఫీజులతో కలిపిన మొత్తమే చూడండి. సోమవారం నుంచి గురువారం దాకా తక్కువ. కబ్స్, డాడ్జర్స్, జెయింట్స్ ఎవరితో ఆడినా ఎక్కువ.

5. ముందు రోజు రాత్రి

టికెట్లు ఫోన్ వాలెట్‌లోకి దించుకోండి. గేటు దగ్గర జనం మూగితే నెట్‌వర్క్ నత్తనడక నడుస్తుంది. టికెట్లన్నీ ఒక్క ఫోన్లోనే ఉంటే కుటుంబమంతా కలిసే లోపలికి వెళ్లాలి. విడివిడిగా వచ్చేవాళ్లకు ముందే పంపేయండి.

స్టేడియం నియమాల పేజీలో బ్యాగు కొలత, నీళ్లు, బయటి తిండి, నగదు తీసుకుంటారా అనే నాలుగు వరుసలు చదవండి. ఇవి స్టేడియానికో రకం. పులిహోర డబ్బా గేటు దగ్గర ఆగిపోతే అప్పుడు కారు దాకా అర మైలు వెనక్కి నడవాలి.

వేరే రాష్ట్రం నుంచి వస్తుంటే గడియారం సంగతి. అరిజోనా గడియారం మార్చదు. మార్చి రెండో ఆదివారం ముందు కాలిఫోర్నియా కంటే ఫీనిక్స్ ఒక గంట ముందుంటుంది, ఆ తర్వాత రెండూ ఒకటే. డల్లాస్ అయితే ముందు గంట తేడా, తర్వాత రెండు గంటలు. మీ ఊరి టైమ్ జోన్‌లో క్యాలెండర్‌లో రాసుకున్న 1:05 ఆట ఇక్కడికొచ్చాక వేరే వేళ చూపిస్తుంది.

6. ఉదయం, వెనక మైదానాల్లో

తొమ్మిదికల్లా అక్కడ ఉండండి. ఎనిమిదిన్నర ఇంకా మంచిది. వరుస సుమారుగా ఇలా ఉంటుంది: శరీరం సాగదీసే వ్యాయామం, బంతి విసరడం, తర్వాత పిచ్చర్లు ఫీల్డింగ్ సాధనకీ బుల్‌పెన్‌కీ, మిగతావాళ్లు ఇన్‌ఫీల్డ్ సాధనకీ విడిపోతారు. ఆ తర్వాత బ్యాటింగ్ ప్రాక్టీసు. పన్నెండు లోపే అంతా అయిపోతుంది. ఆటలు మొదలయ్యాక ఈ వరుస ఇంకా ముందుకు జరుగుతుంది, పదకొండుకే ఖాళీ కావచ్చు.

చాలా ప్రాంగణాల్లో నాలుగు మైదానాల హోమ్ ప్లేట్లు ఒకేచోటికి వచ్చేలా, మధ్యలో చూసేందుకు ఒక టవర్‌తో ఉంటాయి. ఆ మధ్యలో నిలబడితే తల తిప్పితే చాలు, నాలుగు మైదానాలూ కనిపిస్తాయి. అందరూ బ్యాటింగ్ దగ్గరికే పరుగెడతారు. మీరు ముందు బుల్‌పెన్‌కి వెళ్లండి. పక్కపక్కన నలుగురైదుగురు పిచ్చర్లు ఒకేసారి వేస్తుంటారు. గంటకు 95 మైళ్ల వేగంతో వచ్చే బంతి క్యాచరు గ్లౌలో పడే చప్పుడు టీవీలో ఎప్పుడూ సరిగా వినపడదు. బుల్‌పెన్ ఒక్కొక్కరిది పది పదిహేను నిమిషాల్లో ముగుస్తుంది కాబట్టి ఆలస్యమైతే దొరకదు, బ్యాటింగ్ మాత్రం గంటకు పైగా సాగుతుంది.

"లైవ్ బీపీ" (బీపీ అంటే బ్యాటింగ్ ప్రాక్టీసు) అని ఎవరైనా అంటుంటే వదలకండి. సొంత జట్టు పిచ్చరు సొంత జట్టు బ్యాటరుకు నిజమైన వేగంతో వేస్తాడు.

సరైన మైదానం దగ్గరే ఉన్నారా? ఇవి చూడండి: కోచ్‌ల సంఖ్య ఎక్కువ, వీడియో కెమెరాలు త్రిపాదుల మీద, విలేకరులు కంచె లోపల, జెర్సీ నంబర్లు ఎక్కువగా 60 లోపు. అన్నీ 70 పైనే అయితే మీరు మైనర్ లీగ్ వైపున్నారు. రోస్టర్‌తో సరిచూసుకునేటప్పుడు గుర్తుంచుకోండి, స్ప్రింగ్‌లో ఒకే నంబరు ఇద్దరికి ఉండటం మామూలే. నంబరుతో పాటు ఎడమచేతివాడా కుడిచేతివాడా అన్నదీ కలపండి.

హెచ్చరిక: నాలుగు వైపుల నుంచీ ఫౌల్ బంతులు (గీతల బయటికి పోయే దెబ్బలు) వస్తాయి, వల అన్నిచోట్లా ఉండదు. "హెడ్స్ అప్" అని కేక వినపడితే బంతి కోసం ఆకాశంలోకి చూడకండి. తల వంచి రెండు చేతులతో కప్పుకోండి. చంటిపిల్లల స్ట్రోలరును రెండు మైదానాల మధ్య దారిలో ఆపకండి.

ఫొటోలకు చిట్కా: ఫోన్ లెన్స్‌ను కంచె కంతలో సరిగ్గా ఆనించి తీయండి. అడుగు వెనక్కి నిలబడితే ఫోకస్ తీగల మీదికి పోతుంది.

7. ఆటోగ్రాఫులు

ఆటగాడు ఒక మైదానం నుంచి మరోదానికి నడిచే దారిలో తాడు కట్టి ఉంటుంది, అక్కడే నిలబడండి. సాధన మధ్యలో పిలిస్తే ఎవరూ రారు. సాధన ముగించి క్లబ్‌హౌస్‌కి వెళ్లేటప్పుడే సంతకాలు పెడతారు.

బంతి మీద నీలం బాల్‌పాయింటే. షార్పీ సిరా తోలులోకి పాకి కొన్నాళ్లకు మసకబారుతుంది. జెల్ పెన్ను అలుక్కుపోతుంది. కార్డు, ఫొటో, టోపీకైతే షార్పీ. కుట్ల మధ్య అతి సన్నగా ఉండే చోటు పైకి వచ్చేలా బంతి పట్టుకుని, పెన్ను మూత తీసి ఇవ్వండి. ఒక్కరికి ఒక్క వస్తువు. మీ ఇంటి కిటికీ దగ్గర ప్రదర్శనకు పెట్టకండి, ఎండకు సంతకం వెలిసిపోతుంది.

ఉదయం దొరక్కపోతే మరో అవకాశం ఉంది. ఆటకి గేట్లు తెరవగానే సొంత జట్టు డగౌట్ దాటి ఫౌల్ లైన్ వెంబడి మొదటి వరుసకు వెళ్లండి. ఆ సీట్లు మీవి కాకపోయినా ఆటకి కొంత ముందు దాకా సాధారణంగా నిలబడనిస్తారు, సిబ్బంది చెప్పగానే వచ్చేయాలి.

8. ఆట వేళ

ఆ రోజు ఆడేవాళ్ల జాబితా ముందే చూసుకుని, మీకు కావలసిన ఆటగాడు ఉంటే మొదటి ఇన్నింగ్స్ నుంచే కూర్చోండి. తిండి లైను ఐదో ఇన్నింగ్స్ తర్వాత. శాకాహారులకు నాచోస్, ప్రెట్జెల్, చీజ్ పిజ్జా దాదాపు అన్నిచోట్లా దొరుకుతాయి. బీన్స్ పెడితే అందులో మాంసం కలిపారేమో అడగండి.

ఆట మధ్యలో బ్యాటరో క్యాచరో పిచ్చరో టోపీనో హెల్మెట్‌నో తట్టి చూపిస్తే బంతి సరైన చోట పడిందా (స్ట్రైక్) లేదా (బాల్) అని అంపైర్ చెప్పిన తీర్పును యంత్రంతో సవాలు చేస్తున్నారని అర్థం. జవాబు పెద్ద తెర మీద వస్తుంది. తొమ్మిది ఇన్నింగ్స్ తర్వాత స్కోరు సమమైతే సాధారణంగా అక్కడితో ఆపేస్తారు, అదనపు ఇన్నింగ్స్ కోసం ఎదురుచూడకండి.

పొడి గాలిలో చెమట కనపడదు, అందుకే పెద్దవాళ్లకు ఒంట్లో నీరు తగ్గుతున్నట్టు తెలియదు. దాహం వేయకపోయినా రెండు ఇన్నింగ్స్‌కోసారి నీళ్లు తాగించండి. తలనొప్పి, వికారం మొదలైతే నీడలోకి తీసుకెళ్లి, తగ్గకపోతే స్టేడియంలోని ప్రథమ చికిత్స గదికి వెళ్లండి.

తరచుగా జరిగే పొరపాట్లు

మెసాలో రెండు స్టేడియాలున్నాయి. "మెసా స్టేడియం" అని చెప్పి ఊబర్ ఎక్కి కబ్స్ ఆటకి హోహోకం చేరినవాళ్లు ప్రతి సీజన్లో ఉంటారు. ఫ్లోరిడాలో ఫోర్ట్ మయర్స్‌దీ ఇదే కథ: రెడ్ సాక్స్ జెట్‌బ్లూ పార్కులో, ట్విన్స్ హామండ్ స్టేడియంలో.

ఉదయం ఒక ప్రాంగణం, మధ్యాహ్నం ఊరికి అవతలి వైపు ఆట అని పెట్టుకోవడం. మెసా, టెంపీ కలపొచ్చు, పియోరియా, గ్లెండేల్ కలపొచ్చు. మెసా, సర్‌ప్రైజ్ కలపకండి.

ఆట అయిపోగానే అందరితో పాటు పార్కింగ్‌కి పరుగెత్తడం. మార్చి రెండో సగంలో అయితే మధ్యాహ్నాలు వెనక మైదానాల్లో మైనర్ లీగ్ ఆటలు జరుగుతుంటాయి. తెరిచి ఉంటే అరగంట అటు వెళ్లండి. స్కోరు బోర్డు ఉండదు, పిచ్చరు వేయాల్సిన బంతుల లెక్క పూర్తయితే మూడు అవుట్లు కాకుండానే ఇన్నింగ్స్ ఆపేస్తారు. గాయం నుంచి కోలుకుంటున్న పెద్ద ఆటగాడు ఒక్కోసారి ఇక్కడే ప్రతి ఇన్నింగ్స్‌లోనూ ముందుగా వచ్చి బ్యాటింగ్ చేసి పోతుంటాడు.

ఫ్లోరిడా అయితే, లేదా మార్చి దాటిపోతే

ఫ్లోరిడాలో ఊరు కాదు, గుంపు ఎంచుకోండి. టాంపా చుట్టూ యాంకీస్, క్లియర్‌వాటర్‌లో ఫిలీస్, డనీడిన్‌లో బ్లూ జేస్. తూర్పు తీరంలో జూపిటర్‌లో కార్డినల్స్, మార్లిన్స్, వెస్ట్ పామ్ బీచ్‌లో ఆస్ట్రోస్, నేషనల్స్. ఉక్క ఎక్కువ, వాన ఆటను ఆపేయగలదు, కాబట్టి వరుసగా రెండు రోజులు చేతిలో ఉంచుకోండి.

మార్చి తప్పిపోయినవాళ్లకు అరిజోనాలో మరో దారి అక్టోబరులో మొదలయ్యే అరిజోనా ఫాల్ లీగ్. ఆరు జట్లు ఇవే స్టేడియాల్లో ఆడతాయి, ఆడేది రేపటి మేజర్ లీగ్ కుర్రాళ్లు. టికెట్ చవక, సీటు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోవచ్చు, చాలా ఆటలు సాయంత్రమే. అక్టోబరు మొదట్లో మధ్యాహ్నం ఆట మాత్రం పెట్టుకోకండి, అప్పటికి ఫీనిక్స్ ఎండ ఇంకా తగ్గదు.